నాయనమ్మ తొక్కిన అక్షరాలు

బెత్తం లేని బడి ఉంటుందంటే నేను నమ్మలేదు. అప్పటికి నాకు అయిదేళ్ళే అయినా లోకానుభవం తక్కువేమీ కాదు. మాచర్లలో మా వీధి చివర పంతులుగారి బడిలో రెండు నెలలు గోడకుర్చీలు వేసి, తొడపాశాలు తిని వచ్చినదాన్ని. ఆయన తొడపాశం అందరి తొడపాశం లాంటిది కాదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్క మెలి తిప్పారంటే చర్మం మీద మందారం పూసేది. నలభై అయిదేళ్ళు వచ్చినా ముసురు పట్టినప్పుడు ఆ చోటు ఇంకా సలుపుతుందని చెబితే మా డాక్టరు నవ్వుతాడు. పాపం, ఆయన పంతులుగారి దగ్గర చదువుకోలేదు.

అందువల్ల, కొత్తగా వచ్చిన పంతులమ్మ కొట్టంలో అడుగుపెట్టిన రోజు నేను చేసిన మొదటి పని బెత్తం కోసం వెతకడం. తలుపు వెనక లేదు. చూరులో లేదు. నీళ్ళ కాగు వెనక లేదు. పలకల గూట్లో చూద్దామంటే అసలు పలకలే లేవు. ఉన్నవల్లా చింతపిక్కలు, కొబ్బరి చిప్పలు, రంగుగుడ్డల పీలికలు, గంపెడు నాపరాతి పెచ్చులు. పైగా పంతులమ్మ నవ్వుతోంది. నవ్వే పంతులు ఎంత ప్రమాదమో నాకు తెలుసు. మా పంతులుగారు కూడా తొడ పట్టుకునే ముందు ఒకసారి నవ్వేవారు. ఈమె చాలా గట్టిచోటే దాచి ఉంటుందని నిశ్చయించుకుని ఆరు రోజులు వెతికాను. ఆ గాలింపులో రెండు తేళ్ళు, ఒక కోడి ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్న పదకొండు గుడ్లు, ఎవరిదో తెలియని ఒక చెవిపోగు బయటపడ్డాయి గాని బెత్తం బయటపడలేదు.

ఆ కొట్టం ఎలా బడి అయిందో చెప్పాలి. యుద్ధం నడుస్తున్న రోజులు. యుద్ధం జరిగింది ఎక్కడో గాని కిరసనాయిలు అయిపోయింది మాత్రం మా ఇంట్లో. ధరలు మండిపోతుంటే ఇంటికొక్కరి కష్టం చాలక, మగవాళ్ళు నాపరాళ్ళ గనులకీ ఆడవాళ్ళు మిరపతోటలకీ పోయేవారు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా ఉన్న మేము మాత్రం రోజంతా వీధిలో సొంత రాజ్యం ఏలుకునేవాళ్ళం. పంతులుగారి బడి పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మధ్యలో మమ్మల్ని చూసే దిక్కు లేదు. ఒకనాడు మాలో ఒకడు రాళ్ళబండి చక్రం ముందు మట్టి ఇల్లు కట్టుకుంటూ కూర్చున్నాడు. ఎద్దులు మర్యాదస్తులు కనక ఆగాయి.

ఆ తరవాతే పంతులమ్మ వచ్చింది. తెనాలి వైపు మనిషి. మొగుడు పోయాక చదువుకుంటానని మొండికేసి, మదరాసులో చిన్నపిల్లల్ని ఎలా పెంచాలో, ఎలా చదివించాలో ట్రైనింగు అయిందట. పొద్దున పిల్లల్ని దింపి పొలం పోతే సాయంత్రం దాకా గంజి తాగించి, నిద్రపుచ్చి, చదువు చెప్పి అప్పగిస్తానంది. మా వీధి రాళ్ళ కాంట్రాక్టరు, నేను పెదనాయన అని పిలిచే ఆయన, తన చొప్ప కొట్టం ఖాళీ చేసి ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. వీధివాళ్ళందరి ముందూ షరతు పెట్టాడు.

"దసరా దాకా చూస్తానమ్మా. అప్పటికి ఈ పిల్లకాయలకి అచ్చరం ముక్క రావాల. రాకపోతే నా చొప్ప నా కొట్టంలోకి, నువ్వు నీ రైల్లోకి."

"సరేనండి" అంది పంతులమ్మ.

ఆ రైలెక్కితే ఆమె దిగేది ఎక్కడో మా అమ్మ చెప్పింది. అన్నగారింట్లో, వదినగారి పొయ్యి ముందు. "ఒకసారి ఆ పొయ్యి ముందు కూకుంటే మళ్ళీ లేవనీరు ఆ పిల్లని" అని జాలిపడేది. నాయనమ్మ మాత్రం జాలిపడేది కాదు. డెల్టా వాళ్ళ మీద ఆమెకు పుట్టుకతో వచ్చిన అనుమానం.

"కాలవనీళ్ళు తాగి, మూడుపూట్లా వరన్నం తినేటోళ్ళు, ఈ జొన్నల దేశానికి ఊరికే ఎందుకొస్తారే? ఏందో ఉంది. చానా ఉంది."

ఏముందో కనిపెట్టే బాధ్యత నా మీద పడింది. సాయంత్రం నేను ఇంటికి రాగానే అరుగు మీద నాయనమ్మ కచేరీ. ఆ కచేరీ ముందు గుంటూరు కోర్టులో క్రాసు పరీక్ష చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది.

"ఏమే, ఇయ్యాల ఏం జెప్పింది?"

"ఏం జెప్పలా. ఆడుకున్నాం."

"నిన్న?"

"ఆడుకున్నాం."

"రోజూ ఆటేనా? మరి సదువు?"

"కందులూ పెసలూ కలిపి పోసింది. ఏరి రెండు చిప్పల్లో పోశాం."

నాయనమ్మ నోట్లో చుట్ట ఆగిపోయింది. "ఓసి దీని తెలివి! మనింటి పిల్ల చేత కందులు ఏరించుకుంటందా? అది కూలిపని గదే!"

"చెంబుల్లో నీళ్ళు గూడా పోయిస్తది. ఒక్క చుక్క గూడా కింద పడకూడదు."

"నీళ్ళ పని గూడా!"

నాయనమ్మ ముఖంలో ఆసక్తి చూసి నాకు ఉత్సాహం వచ్చింది. నేను పోసిన చెంబు బిందె అయింది. బిందె గంగాళం అయింది. చివరికి మేము ముప్పైమందిమి ఎండలో కృష్ణ దాకా బారులు తీరి నీళ్ళు మోస్తున్నట్టు తేల్చాను. కొట్టంలో ఉన్నది పన్నెండుమందిమి. కృష్ణ ఎన్నో మైళ్ళ అవతల.

మర్నాటికి వీధిలో రకరకాల సిద్ధాంతాలు పుట్టాయి. పిల్లల పేర్లు పుస్తకంలో రాసుకుంటోంది కనక పెద్దయ్యాక యుద్ధానికి పట్టుకుపోతారన్నారు కొందరు. పిల్లలు నిద్రపోతుంటే వాళ్ళ పక్కన కూర్చుని ఏదో కాగితాల మీద రాస్తోందని ఒకామె చూసి వచ్చింది. ఏం రాస్తోందో ఆమెకు చదవడం రాదు కనక, అది తప్పకుండా మంచిది కాదని తేలింది. పంతులుగారు తన అరుగు మీంచి ఒక్క ప్రశ్నే వేసేవారు: "ఆ కొట్టంలోంచి ఎప్పుడైనా ఏడుపు వినిపించిందా? ఏడుపు లేనిచోట చదువెలా ఉంటుందమ్మా?"

ఏడో రోజున నాకు బెత్తం దొరికింది. దూలం మీద, సన్నగా, నా ఎత్తుకి రెండింతలున్న వెదురు కర్ర. పరుగున వెళ్ళి నాయనమ్మకి చెప్పాను. చిత్రమేమిటంటే, ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఉందా? అమ్మయ్య! అయితే సదువు జెప్తదిలే."

మర్నాడు పంతులమ్మ ఆ కర్రను దించింది. పన్నెండుమందిమీ ఒకేసారి తొడలు మూసుకున్నాం. ఆమె దాన్ని పెరట్లో పరిచిన నాపరాళ్ళ మీద పెట్టి, దాని వెంబడి సుద్దరాయితో తిన్నగా గీతలు గీసింది. ఎనిమిది గడులయ్యాయి. ఒక్కో గడిలో ఏదో వంకరటింకరగా గీసింది. "తొక్కుడుబిళ్ల ఆడదామా?" అంది. ఏ గడిలో దిగితే ఆ గడి కూత కూయాలని, ఒక్కో గడికీ ఒక కూత చెప్పింది. కర్రను మళ్ళీ దూలం మీద పెట్టేసింది.

ఈ వార్తతో నాయనమ్మకి ఓపిక నశించింది. "తొక్కుడుబిళ్ల నేర్పేదానికి మదరాసులో ట్రైనింగు ఎందుకే? పద, నేనే చూస్తా" అని మర్నాడు నా వెంట వచ్చింది.

వచ్చి, పెరట్లో పేర్చిన నాపరాళ్ళ దొంతి మీద కూర్చుని, చుట్ట ముట్టించి, పంతులమ్మని కన్నార్పకుండా చూడడం మొదలుపెట్టింది. నాయనమ్మ చూపు మామూలు చూపు కాదు. ఆ చూపుకి పాలు విరిగేవి, గోడకి బీటలు వచ్చేవి. పంతులమ్మ మాత్రం "మంచినీళ్ళు కావాలా నాయనమ్మగారూ?" అని అడిగి తన పనిలో పడిపోయింది. మా పన్నెండుమందికీ లాగానే ఆమెకీ నాయనమ్మ అయిపోయింది. ఇది నాయనమ్మకి మరీ అనుమానం కలిగించింది.

మొదటి రోజు కనిపెట్టుకుని కూర్చుంది. రెండో రోజూ కూర్చుంది. మూడో రోజుకి ఊరికే కూర్చోవడం ఆమె వల్ల కాలేదు, ఎందుకంటే మా ఆట అంత అధ్వాన్నంగా ఉంది.

"ఆ కుంటటం ఏందే, దెబ్బ తగిలిన మేకలాగా? కాలు మడవ్వే! బిళ్ల అట్టా పారేస్తారా? మణికట్టు తిప్పి ఇసరాల!"

"మీకు వచ్చా నాయనమ్మగారూ?" అంది పంతులమ్మ.

నాయనమ్మ ఆమె వంక జాలిగా చూసింది. "నా ఈడున మా ఊళ్ళో నన్ను గెలిచిన ఆడది పుట్టలా." చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది. చీర కుచ్చెళ్ళు దోపింది. నాపరాతి పెచ్చు తీసుకుని, దాన్ని ఊది, మణికట్టు తిప్పి విసిరింది. అది వెళ్ళి ఏడో గడి నడిమధ్యన, పెళ్ళికూతురు పీట మీద కూర్చున్నట్టు కూర్చుంది.

తరవాత ఆమె గెంతింది. అరవై దాటిన మనిషి, నడుము పట్టేసిందని పొద్దున్నే మా అమ్మ చేత ఆముదం రాయించుకున్న మనిషి, ఒంటికాలి మీద ఒక్కో గడీ దాటుతుంటే నాపరాళ్ళు ఖణేల్ ఖణేల్మన్నాయి. ఆ అదురుకి స్టేషన్లో ఆగి ఉన్న రైలు బెదిరి, ముహూర్తానికి ముందే కూత వేసిందని నేను అందరికీ చెబుతుంటాను. ఎవరూ కాదనలేదు. ఏడో గడికి చేరి, ఒంటికాలి మీదే వంగి, బిళ్ల తీయబోతోంది.

"ఆగు! కాలు కదపకు!"

గోడ అవతల పంతులుగారు. చేతిలో గొడుగు, ముఖం నిండా భయం. నాయనమ్మ వంగినది వంగినట్టే నిలిచిపోయింది.

"నువ్వు దేని మీద నిలబడ్డావో తెలుసునా?"

"ముగ్గు మీద. ఏం?"

"ముగ్గు కాదు! అది బ! దాని వెనక డ! అవి అక్షరాలమ్మా! సాక్షాత్తు సరస్వతిని తొక్కుతున్నావు!"

నాయనమ్మకి చదువు రాదు. మూడు రోజులుగా ఆ గడుల్లోవి వట్టి ముగ్గు మెలికలనీ, మా కూతలు వట్టి ఆట కేకలనీ అనుకుంది. కాగితమ్ముక్క కాలికి తగిలినా వంగి తీసి కళ్ళకద్దుకునే మనిషి. చదువురాని వాళ్ళకి అక్షరమంటే ఉండే భయభక్తుల ముందు చదువుకున్నవాళ్ళవి ఏ మూలకీ చాలవు. ముందుకు పోదామంటే అక్షరం, వెనక్కి పోదామంటే ఆరు అక్షరాలు. ఆ ఒంటికాలి మీదే కాసేపు ఊగి, ఆఖరికి పక్కకి ఒక్క దూకు దూకింది. పన్నెండడుగుల దూరంలో, రాళ్ళ దొంతికి అవతల పడింది. కొలిచింది నేనే.

పంతులుగారు వీధి వీధంతా కలియతిరిగారు. సాయంత్రం పొలాల నుంచి, గనుల నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే పెరట్లో గుమిగూడారు. కాంట్రాక్టరు పెదనాయన నడుము మీద చేతులు పెట్టుకుని గడుల వంక చూశాడు. ఆయనకి చదువు వచ్చు. ముఖం మాడ్చుకున్నాడు.

"ఏంది పంతులమ్మా ఇది? పిల్లకాయల చేత అచ్చరాలు తొక్కిస్తావా?"

"తప్పు నాదేనండి" అంది పంతులమ్మ. "కూర్చోమంటే ఈ వయసు పిల్లలు కూర్చోరు. కాళ్ళు ఊరుకోవు. అందుకని కాళ్ళు పోయేచోటే అక్షరం పెట్టాను. తొక్కడం అవుతుందని నాకు తట్టలేదు."

ఇన్ని రోజులూ ఏమీ చెప్పడం లేదని అనుమానించిన వీధికి, చెబుతోందని తెలిసేసరికి కోపం వచ్చింది.

"దసరా దాకా ఎందుకు, కొట్టం రేపే కట్టేద్దాం" అన్నాడు పెదనాయన. "కొట్టం నాది. ఈ పాపం నాకు చుట్టుకుంటది."

పంతులమ్మ సుద్దరాయిని చీర కొంగులో ముడివేస్తూ విప్పుతూ నిలబడింది. ఒకామె చీపురూ నీళ్ళూ తెచ్చింది, గడులు కడిగేద్దామని.

"ఆ చీపురు ఆడ పెట్టు!" అని నాయనమ్మ కేక. రాళ్ళ దొంతి ఎక్కి కూర్చుని ఇంతసేపూ కాళ్ళు కింద పెట్టనే లేదు. "ముందు నా సంగతి తేలాల. తొక్కింది నేను. దణ్ణం పెట్టుకోవాల్సింది నేను."

"పెట్టుకో పిన్నమ్మా, కాదన్నదెవరు?" అన్నాడు పెదనాయన.

"ఎవురికి పెట్టుకునేదిరా అబ్బాయ్? పేరు తెలవకుండా ఎట్టా పెట్టేది? ఊరికే 'తప్పయిపోయింది' అంటే అది ఎవురికని చేరుద్ది? నేను తొక్కింది ఎవుర్నెవుర్నో చెప్పండి ముందు."

ఆమె దిగి వచ్చి, మొదటి గడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పంతులుగారు దగ్గి, చెప్పడానికి నోరు తెరిచారు. ఆయన కంటే ముందు, రాళ్ళబండి ముందు ఇల్లు కట్టిన వెధవ, మూడున్నరేళ్ళవాడు, ముక్కు చీదుకుంటూ అన్నాడు:

"అది గ, నాయనమ్మా."

"గ తల్లీ, తెలియక తొక్కినా. మన్నించు." నాయనమ్మ వేళ్ళతో ఆ సుద్ద గీతని తాకి కళ్ళకద్దుకుంది. "ఇదేంది?"

"ర!" ఈసారి నలుగురు.

"ర తల్లీ, తప్పయిపోయింది. ఇదో?"

"ప!"

"ట!"

"న!"

పిల్లలకి ఇదొక కొత్త ఆటలా ఉంది. నాయనమ్మ జరిగే కొద్దీ వాళ్ళూ చుట్టూ జరుగుతూ గొంతు చించుకుంటున్నారు. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళ గొడవ ఒక్కొక్కటే ఆగిపోయింది. డ దగ్గరికి వచ్చేసరికి పెరట్లో చీమ నడిస్తే వినిపించేంత నిశ్శబ్దం. ఆ చీమ నాకు వినిపించింది కూడా. ఏడో గడి దగ్గర నాయనమ్మ ఎక్కువసేపు ఆగింది. "బ తల్లీ, నీ మీద చానాసేపు నిలబడ్డా. నన్ను కదలనీలా ఆయన. ఆ పాపంలో సగం పంతులుగారిది."

పంతులుగారు అది వినిపించుకోలేదు. ఆయన కళ్ళు పిల్లల మీదే ఉన్నాయి. "వరసలో చెప్పారు. బట్టీ అయి ఉంటుంది" అని గొడుగు కొనతో ఒక గడి చూపించారు. చెప్పారు. ఇంకొకటి చూపించారు. చెప్పారు. ఆ ఏడూ వెనక నుంచి ముందుకి చూపించారు. చెప్పారు. అప్పుడు ఆ గొడుగు గాల్లో ఒక చుట్టు తిరిగి నా ముక్కు ముందుకి వచ్చి ఆగింది.

"ఇదుగో, ఇది! నా బడిలో రెండు నెలలుంది. ఒక్క అక్షరం అంటలేదు దీనికి. దీన్ని అడుగుతాను." గొడుగు ఎనిమిదో గడి మీద వాలింది. నాయనమ్మ తొక్కని గడి. అప్పటిదాకా ఎవరూ దాని పేరు ఎత్తలేదు. "చెప్పవే. ఏమిటది?"

వీధి అంతా నా నోటి వంక చూస్తోంది. పంతులమ్మ కూడా చూస్తోంది. కొంగు ముడి వేయడం ఆపేసింది. నాకు తొడ సలిపింది. నాకేమీ రాదని నాకు ఖాయంగా తెలుసు. నేను వచ్చినప్పటి నుంచి గెంతాను, విసిరాను, కూతలు కూశాను, జట్ల కోసం కొట్లాడాను, ఇంకేమీ చెయ్యలేదు. రాదని చెప్పడానికే నోరు తెరిచాను.

"జ" అంది నా నోరు.

నన్ను అడక్కుండా దూకేసింది ఆ అక్షరం. పంతులుగారు గొడుగు దించారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, అది ఒప్పుకోవాలి. "అవును, జ" అన్నారు. తరవాత గొడుగు చంకలో పెట్టుకుని అన్నారు: "వచ్చాయి. కాదనను. కాని వచ్చినంతమాత్రాన తొక్కడం ఒప్పు కాదు."

దాంతో కథ మళ్ళీ మొదటికి వచ్చింది. తొక్కడం తప్పని అందరికీ తెలుసు. పంతులమ్మ కూడా కాదనలేదు. నాయనమ్మ మోకాళ్ళ మీంచి లేస్తూ, ఒక చేత్తో నడుము పట్టుకుని, ఏదో కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు అంది:

"గళ్ళో ఎందుకమ్మా రాయటం? గడి పక్కన రాయి. పక్కన ఉంటే తొక్కినట్టు కాదు, పలకరించినట్టు."

పెదనాయన గడ్డం గోక్కున్నాడు. కొట్టం వంక చూశాడు, పంతులుగారి వంక చూశాడు. "పొద్దున జెప్తా" అని వెళ్ళిపోయాడు. ఆయన సరే అనకుండా వెళ్ళాడంటే కాదన్నట్టేనని అమ్మ గుసగుసగా అంది.

ఇంటికి నడుస్తుంటే నాయనమ్మ దారిలో తడికెల మీదా గోడల మీదా వేలితో గ, ర, ప అని గీసుకుంటూ వస్తోంది. నేను ఆమె చెంగు పట్టి లాగాను.

"నాకు జ ఎట్టా వచ్చిందే?"

"నాకేం తెలుసే? నీ నోట్లోంచి వచ్చింది, నన్నడుగుతావేంది?"

ఎట్టా వచ్చిందో నాకు అర్థమవుతూనే ఉంది. ఆట ఆడించినట్టు ఆడించి నాకు చదువు చెప్పేసింది. నాకు తెలియకుండా, నా అనుమతి లేకుండా. పంతులుగారు నయం, తొడ పట్టుకుని, ఇదుగో చదువు చెబుతున్నాను కాచుకో అని ముందే తెలియజేసేవారు. ఈమె వెనకనుంచి వచ్చి బుర్రలో పెట్టేసి ఏమీ ఎరగనట్టు నవ్వుతోంది. వీధంతా అనుమానించింది ఆమె చదువు చెప్పడం లేదని. అనుమానించాల్సింది అది కాదు! ఆ కందులూ పెసలూ ఏమిటి? ఆ చెంబుల్లో నీళ్ళేమిటి? ఇంకా ఎన్ని ఎక్కించిందో నాలో? నిద్రపోయేటప్పుడు కూడా పక్కన కూర్చుంటుంది కదా! తెల్లవారేలోగా నేను పెద్దపుస్తకాలు గడగడా చదివేస్తానేమోనని హడలిపోయాను.

పొద్దున అందరికంటే ముందు కొట్టం దగ్గరికి పరుగెత్తాను, ఈ సంగతి తేల్చుకోవడానికి.

వాకిట్లో నిండా చొప్ప వేసుకుని బండి నిలబడి ఉంది. తలుపు పక్కన పంతులమ్మ ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. పక్కన పరుపుచుట్ట, నులక తాడుతో బిగించి కట్టి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అవన్నీ చూసి జాలిపడాల్సింది, నేను పడలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"నువ్వు నన్ను మోసం చేశావు."

"నేనా?"

"ఆటలో చదువు కలిపావు."

"ఆడుకున్నావా, లేదా?"

"ఆడుకున్నా."

"బాగుందా?"

"బాగుంది. అందుకే మోసం."

"చదువు కలపకపోతే మీ పెదనాయన కొట్టం ఇవ్వరు. ఆట తగ్గిస్తే నువ్వు రావు. రెండూ సరిపడా వెయ్యడం చాలా కష్టం తల్లీ. ఒకనాడు ఇది ఎక్కువవుతుంది, ఒకనాడు అది." పరుపుచుట్ట వంక చూసింది. "ఎంత వెయ్యాలో తెలిసేలోగా ఇదుగో, బండి వచ్చేసింది."

ఈలోగా పెరట్లోంచి నాయనమ్మ గొంతు వినిపించింది. ఆమె నాకంటే ముందే వచ్చేసింది. తెల్లారకముందే వచ్చి నాపరాళ్ళు కడిగి, గడులు తానే గీసి, ఇద్దరు పిల్లల్ని లేపి తెచ్చుకుని వాళ్ళ చేత అక్షరాలు గడి బయట రాయిస్తోంది. పెదనాయన ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు.

"చూడరా అబ్బాయ్, బాగా చూడు. యాడన్నా తగులుద్దా?"

పెదనాయన అనుమానంగా గడుల చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, గీతకీ అక్షరానికీ మధ్య జానెడు ఉందో లేదో చూశాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పి, పంచె ఎగగట్టి, ఒంటికాలి మీద లేచాడు. ఆయన బరువు రెండు బస్తాల మిరపకాయలు. ఒక్కో గడిలో దిగుతున్నప్పుడల్లా పాదం ఎక్కడ పడిందో, అక్షరం ఎక్కడ ఉందో వంగి చూసుకుంటూ, ఎనిమిది గడులూ కుంటాడు. బండి తోలుకొచ్చిన పాలేరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"తగల్లా" అన్నాడు పెదనాయన, రొప్పుతూ. తరవాత పాలేరు మీద అరిచాడు. "చూస్తావేందిరా గుడ్లప్పగించి? చొప్ప ఇంటికాడికి తోలు!" పంతులమ్మ వైపు తిరిగి, మొహం గంటు పెట్టుకుని అన్నాడు: "దసరా దాకానే. ఆ తరవాత మళ్ళీ చూస్తా."

"సరేనండి" అంది పంతులమ్మ. అనగలిగింది అంతే.

దసరా వచ్చింది, పోయింది. ఆయన మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉన్నాడు, ప్రతి పండక్కీ షరతు పెడుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం మా వీధి పిల్లలు నాలుగు జట్లు ఎదిగి పెద్దబడికి పోయేదాకా ఆ కొట్టంలోనే ఉంది.

ఆ పొద్దున బండి వెళ్ళిపోయాక ఆమె పరుపుచుట్ట దగ్గర కూర్చుని తాడు విప్పడం మొదలుపెట్టింది. రాత్రి ఏడుస్తూ కట్టిందేమో, ముడులు రాలేదు. మేమందరం చుట్టూ చేరి పళ్ళతో లాగి ఊడదీశాం. తాడు చాలా పొడుగుంది. ఆమె దాని ఒక కొస నాయనమ్మ చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుంది.

"తాడాట ఆడదామా?"

నేను తాడుని ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూశాను. అక్షరాలేమీ లేవు. నేల మీద చూశాను. లేవు. సరే, ఇది ఉత్త ఆటే అని నిర్ధారణ చేసుకుని గెంతడానికి దిగాను. తాడు తిరుగుతోంది. నాయనమ్మ, పంతులమ్మ, పిల్లలందరూ కలిసి పాటలా అంటున్నారు: ఒకటి, రెండు, మూడు. నేనూ వాళ్ళతో కలిసి అంటూ గెంతుతున్నాను. పదకొండు, పన్నెండు.

పదమూడు దగ్గర నాకు అనుమానం వచ్చింది. వెంటనే నోరు మూసేసుకుని, ఉత్తినే గెంతాను.